చిరకారియా? దీర్ఘసూత్రియా?
(నిర్ణయము చేయు బుద్ధిని గూర్చిన ఉపన్యాసము)



పిల్లకు సంబంధము చూచుట మొదలు పొలము అమ్ముట వరకు, వృద్ధులైన తల్లిదండ్రులకు ఆపరేషను చేయించుట మొదలు అన్నదమ్ములతో మాట మానివేయుట వరకు, గృహస్థుని జీవితమంతయు నిర్ణయముల పరంపరయే. ఇట్టి పనులకు మంచి ముహూర్తము పెట్టుమని మా వద్దకు వచ్చువారు చాలమంది. తిథి వార నక్షత్రములు చూతుము, చెప్పుదుము. కాని, "ఈ నిర్ణయము చేసినప్పుడు మా మనస్సు ఏ స్థితిలో ఉన్నది?" అని అడుగువారు అరుదు. ముహూర్తము పనికి ఆరంభకాలమును చూపును. ఆ పని చేయదగినదా, కాదా అన్నది మాత్రము ముహూర్తమునకు ముందే మన బుద్ధిలో తేలవలెను. అక్కడ తప్పు జరిగినచో ఎంతటి శుభలగ్నమైనను దానిని దిద్దజాలదు.

ధర్మరాజు అంపశయ్యపై నున్న భీష్ముని అడిగిన ప్రశ్నలలో ఇదియు ఒకటి. చేయవలసిన పనిని ఎట్లు పరీక్షింపవలెను? త్వరగానా, నిదానముగానా? దీనికి సమాధానముగా పితామహుడు శాంతిపర్వమున ఒక మునికుమారుని కథ చెప్పినాడు.

చిరకారి కథ

గౌతమ మహర్షికి చిరకారి యను కుమారుడు ఉండెను. ఏ పనినైనను చాలసేపు ఆలోచించిన పిదపనే చేయువాడు గనుక అతనికి ఆ పేరు వచ్చినది. దూరము చూడలేని జనులు అతనిని సోమరి అనిరి, మందబుద్ధి అనిరి. ఒకనాడు గౌతముడు భార్య విషయమున తీవ్రమైన కోపము పొంది, మిగిలిన కుమారులను కాదని ఈ చిరకారిని పిలిచి, తల్లిని చంపుమని ఆజ్ఞాపించి అడవికి వెళ్లిపోయినాడు.

చిరకారి అట్లేయన్నాడు. కాని ఆయుధము పట్టిన చేయి కదలలేదు. తండ్రి ఆజ్ఞను పాలించుట పరమధర్మము. తల్లిని కాపాడుట కూడ తన ధర్మమే. తండ్రి మాట మీరిన కుమారునకు నిలుకడ ఏది? తల్లిని చంపిన కుమారునకు సుఖము ఏది? తండ్రి పక్షమున చెప్పదగినదంతయు అతడు తనలో చెప్పుకొన్నాడు. పిదప తల్లి పక్షమున చెప్పదగినదంతయు చెప్పుకొన్నాడు. అసలు ఆమె యందు అపరాధము ఉన్నదా అన్న ప్రశ్నను కూడ విడిచిపెట్టలేదు. ఇట్లు ఆలోచించుచుండగనే చాల కాలము గడచినది.

అక్కడ అడవిలో గౌతముని కోపము దిగినది. అతిథివేషమున వచ్చి మోసము చేసినవాడు ఇంద్రుడు. ఇందులో తన భార్య తప్పేమున్నదని తెలిసినది. తొందరపడి ఎంతటి ఘోరము చెప్పితినని కన్నీరు కార్చుచు, తన కుమారుడు నేడు తన పేరును సార్థకము చేసికొని ఉండవలెనని మనసారా కోరుకొనుచు ఇంటికి పరుగెత్తినాడు. చిరకారి తండ్రిని చూచి ఆయుధము పారవైచి పాదములపై పడినాడు. భార్య సజీవురాలై నిలిచియున్నది. తండ్రి కుమారుని కౌగిలించుకొని చాలసేపు విడువలేదు. ఒకరితో స్నేహము కట్టునపుడును, కట్టిన స్నేహమును తెంచుకొనునపుడును, కోపమునందును, ద్రోహమునందును, పాపకార్యమునందును ఆలస్యమే మేలని ఆయన ఉపదేశము.

కాగా, అదే శాంతిపర్వములో అదే భీష్ముడు మూడు చేపల కథ కూడ చెప్పినాడు. లోతు తక్కువ చెరువునుండి జాలరులు నీటిని బయటికి త్రవ్వి పంపుచున్నారు. ముందుచూపు గల చేప వెంటనే కాలువవెంట వెళ్లిపోయినది. సమయస్ఫూర్తి గల చేప పట్టుబడిన చేపలను గ్రుచ్చిన త్రాటిని నోట కరచుకొని, తానును గ్రుచ్చబడినట్లు నటించి, జాలరులు వాటిని లోతునీటిలో కడుగునపుడు విడిపించుకొన్నది. "చూతములే, తొందర ఏమి?" అన్న మూడవ చేప చచ్చినది. దాని పేరు దీర్ఘసూత్రుడు, అనగా పనిని సాగదీయువాడు.

ఒకచోట ఆలస్యము తల్లిని బ్రతికించినది. వేరొకచోట ఆలస్యము ప్రాణము తీసినది. చెప్పినవాడు ఒక్కడే, విన్నవాడు ఒక్కడే. ఇందు విరోధము లేదు. చిరకారి కాలమును విచారణతో నింపినాడు. దీర్ఘసూత్రి కాలమును ఖాళీగా పోనిచ్చినాడు. ఈ భేదమును గ్రహించుటయే నేటి మా ప్రసంగమునకు ప్రయోజనము.

మొదటి తలంపు ఎట్లు పుట్టును?

మన పెద్దలు అంతఃకరణమును నాలుగుగా చెప్పిరి. అట్లా ఇట్లా అని ఊగునది మనస్సు. ఇట్లే అని నిశ్చయించునది బుద్ధి. వెనుకటి అనుభవములను నిలిపి ఉంచునది చిత్తము. అది నాది, నేను అనుకొనునది అహంకారము. నిర్ణయము బుద్ధి పని. కాని బుద్ధి మేల్కొనులోపలనే మనస్సు తీర్పు చెప్పివేయుచున్నది. అహంకారము దానిపై ముద్ర వేయుచున్నది. బుద్ధిని అటుపిమ్మట వకీలుగా పిలిచి, ఆ తీర్పును సమర్థింపుమని కూర్చుండబెట్టుచున్నాము. న్యాయమూర్తి కావలసినది వకీలు అగుచున్నది.

వేదాంతులు చెప్పు రజ్జుసర్ప దృష్టాంతము మీకు తెలిసినదే. మసక చీకటిలో త్రాడును చూచి పాము అని వెనుకకు దూకుట తప్పు కాదు. అది నిజముగా పామైనచో ఆ దూకుటయే ప్రాణము నిలుపును. దీపము తెచ్చి చూడకుండ, పామును చూచితినని ఊరంతయు చాటుట తప్పు. తొలి తలంపు శరీరరక్షణకు భగవంతుడిచ్చిన వరము. దానినే తుది తీర్పుగా తీసికొనుట మన ప్రమాదము.

ఈ తొలి తలంపును గూర్చి పాశ్చాత్య మనస్తత్త్వశాస్త్రజ్ఞులు గత శతాబ్దమున విస్తారముగా పరిశోధించిరి. ఇజ్రాయిలు దేశమునకు చెందిన డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అను ఇద్దరు మిత్రులు 1974లో ఒక ప్రసిద్ధ వ్యాసము ప్రకటించిరి. సందేహము గల విషయములలో మనుష్యులు లెక్క వేయరనియు, మనస్సునకు సులభముగా తోచు కొన్ని అడ్డదారులను పట్టుదురనియు, ఆ దారులు తరచు పనికి వచ్చినను ఒకే విధమైన తప్పులకు మరల మరల దారితీయుననియు వారు ప్రయోగములతో చూపిరి. ట్వెర్‌స్కీ 1996లో మరణించెను. కానెమన్‌కు 2002లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. తనకై తాను వేగముగా పరుగెత్తు ఆలోచన యొకటి, శ్రమతో మెల్లగా నడచు ఆలోచన యొకటి అని ఆయన వివరించెను.

ఇది విని, మా శాస్త్రములలో ఇదంతయు ఎప్పుడో ఉన్నదని చేతులు కట్టుకొని కూర్చుండుట తగదు. వారి విభాగము, మన అంతఃకరణ విభాగము ఒకటి కావు. మన శాస్త్రము మోక్షమార్గమును చూచుచున్నది. వారు లోకములోని తప్పుల స్వరూపమును కొలిచిరి. కాని రెండు దిక్కులనుండి వచ్చిన మాటలు ఒకచోట కలిసినచో, అక్కడ మనము ఆగి వినుట మంచిది. అట్లు వినదగిన దోషములు మూడు చెప్పుదుము.

మొదటి దోషము: మనకు నచ్చిన సాక్ష్యమునే వెదకుట

1960లో ఇంగ్లండున పీటర్ వేసన్ అను శాస్త్రజ్ఞుడు ఒక చిన్న ప్రయోగము చేసెను. విద్యార్థులకు 2, 4, 6 అను మూడు సంఖ్యలు ఇచ్చి, ఇవి ఒక నియమమును అనుసరించుచున్నవి, మీరును మూడేసి సంఖ్యలు చెప్పి అడిగి ఆ నియమమును కనిపెట్టుడని అన్నాడు. చాలమంది, రెండేసి చొప్పున పెరుగుటయే నియమమని మనస్సులో స్థిరపరచుకొని 8, 10, 12 వంటివే అడిగిరి. అవునన్న జవాబే వచ్చినది. వారి నమ్మకము బలపడినది. నిజమైన నియమము అది కాదు. సంఖ్యలు వరుసగా పెరిగినచో చాలును. 1, 2, 50 అని ఒక్కమారు అడిగియున్నచో తమ ఊహ ఒప్పు కాదని తెలిసెడిది. కాని తమ ఊహను పడగొట్టగల ప్రశ్నను అడుగవలెనని వారిలో చాలమందికి తోచలేదు.

మన ఇండ్లలో జరుగునదియు ఇదియే. కోడలు గర్విష్ఠి అని అత్తగారు ఒకమారు నిశ్చయించినచో, ఆ పిల్ల మాటలాడకున్నను గర్వమే, ఎక్కువ మాటలాడినను గర్వమే. అడిగిన ప్రతి ప్రశ్నకు "అవును" అనియే జవాబు వచ్చుచుండును. ఎదురు సాక్ష్యము కంటపడదు. పాముతో పోరాడి బిడ్డను కాపాడిన ముంగిసను, మూతికి నెత్తురున్నదని చంపిన ఇల్లాలి కథ మనము చిన్ననాటినుండి విన్నదే. నెత్తురు కనబడినది, ఉయ్యాల వద్దకు పోయి చూచుటకు పట్టు కాలము క్షణము. ఆ క్షణమును ఆమె ఇవ్వలేదు.

ఇది పాతకథ మాత్రమే కాదు. 2018లో మన దేశమున పలు రాష్ట్రములలో, పిల్లలనెత్తుకొనిపోవువారు వచ్చినారని సెల్‌ఫోనులలో పుకార్లు ప్రాకినవి. దారినపోవు నిరపరాధులను గుంపులు కొట్టి చంపినవి. ఆ సంవత్సరమే వాట్సాప్ సంస్థ మన దేశములో ఒక సందేశమును ఒకమారు ఐదుచోట్లకు మించి పంపుటకు వీలులేకుండ చేసినది. చూడుడు! చేతిని కొంచెము ఆపుటకు యంత్రమునకే చిరకారి గుణమును నేర్పవలసి వచ్చినది.

రెండవ దోషము: మాట కూర్పును బట్టి మనస్సు మారుట

కానెమన్, ట్వెర్‌స్కీలు 1981లో వేరొక ప్రశ్న వేసిరి. ఒక వ్యాధివలన 600 మంది మరణింపవచ్చును. ఒక ఉపాయము వలన 200 మంది నిశ్చయముగా బ్రతుకుదురు. రెండవ ఉపాయము వలన మూడింట ఒక వంతు అవకాశము చొప్పున అందరును బ్రతుకుదురు, మూడింట రెండు వంతులు ఒక్కరును బ్రతుకరు. నూటికి 72 మంది మొదటిదానిని కోరిరి. వేరొక గుంపునకు అదే మాటను తిప్పి చెప్పిరి: మొదటి ఉపాయమున 400 మంది నిశ్చయముగా చత్తురు, రెండవదానియందు ఎవరును చావకుండుటకు మూడింట ఒక వంతు అవకాశము. ఇప్పుడు 78 మంది రెండవదానిని కోరిరి. 600 మందిలో 200 మంది బ్రతుకుటయు, 400 మంది చచ్చుటయు ఒకటే గదా! విషయము మారలేదు, మాట మారినది. దానితో మనుష్యుల నిర్ణయము తలక్రిందులైనది.

1982లో ప్రకటింపబడిన వేరొక పరిశీలనలో, శ్వాసకోశపు క్యాన్సరు చికిత్సను గూర్చి అడిగినపుడు, ఎందరు బ్రతుకుదురని చెప్పినదానికన్న ఎందరు మరణింతురని చెప్పినపుడు ఆపరేషనును కోరువారు తగ్గిరి. ఇట్లు మారినవారిలో వైద్యులు కూడ ఉండిరి. కావున, పెద్దల చికిత్స విషయమున డాక్టరుగారు నూటికి తొంబది మంది బాగుపడుదురని చెప్పినపుడు, పదిమంది బాగుపడరని మీరే పైకి చెప్పుకొనుడు. పదిమందికి ప్రమాదమని చెప్పినపుడు, తొంబది మంది ఇంటికి వత్తురని చెప్పుకొనుడు. రెండు విధములుగ విన్న పిదప కూడ ఏ నిర్ణయము నిలిచియుండునో అదియే మీ నిర్ణయము. ఒక విధముగ విన్నపుడే నిలుచునది మాటల నిర్ణయము.

మూడవ దోషము: పోయినదానికై ఉన్నదానిని ఒడ్డుట

సభాపర్వమున ధర్మరాజు మొదట ముత్యాలహారము ఒడ్డినాడు. ఓడినాడు. ధనము, రథములు, రాజ్యము పోయినవి. తమ్ములను ఒడ్డినాడు, తనను ఒడ్డినాడు, తుదకు ద్రౌపదిని ఒడ్డినాడు. ఆయన అజ్ఞాని కాడు. ధర్మము తెలిసినవారిలో అగ్రగణ్యుడు. ఇంకొక్క పందెము గెలిచినచో పోయినదంతయు వచ్చునను ఆశ, నడుమ లేచిపోవుట అవమానమను అభిమానము, ఈ రెండును కూడి ఆయన వంటివాని బుద్ధినే కప్పివేసినవి.

1985లో ప్రకటింపబడిన ఒక ప్రయోగమున, అమెరికాలో నాటకముల టికెట్లు కొన్న కొందరికి ముందుగా తెలుపకుండ ధర తగ్గించి ఇచ్చిరి. పూర్తి ధర చెల్లించినవారే ఎక్కువ నాటకములు చూచుటకు వచ్చిరి. నాటకము అందరికి ఒకటే. డబ్బు ఇక తిరిగి రాదు. అయినను పెట్టిన డబ్బు వారిని లాగినది. నాటకమైనచో పోయినది ఒక సాయంకాలము. కాని గెలువని దావాను ఇరువది ఏండ్లు నడిపి ఉన్న ఎకరము కూడ అమ్ముకొనువారిని, ఎండిన బోరు ప్రక్క మరియొక బోరు, దాని ప్రక్క వేరొకటి అప్పు చేసి వేయించు రైతులను, ఇంత ఖర్చు పెట్టితిమి గదా అని తెలిసితెలిసి చెడ్డ సంబంధమునే ఖాయము చేయు తల్లిదండ్రులను మనము చూచుచునే ఉన్నాము. అక్కడ ఒడ్డునది ధనము కాదు, మనుష్యుల బ్రతుకు. పోయినది పోయినది. "నేడు క్రొత్తగా వచ్చినవాడనైనచో ఈ పనిలో ఒక్క రూపాయి పెట్టుదునా?" అని అడిగి చూచుకొనవలెను. పెట్టనన్న జవాబు వచ్చినచో అక్కడ లేచిపోవుటయే గౌరవము.

పూర్వపక్షమే దీపము

ఈ దోషములకు మందు ఏమి? నిష్పక్షపాతముగా ఉండవలెనని సంకల్పించుకొన్న చాలదా? చాలదు. 1984లో ప్రకటింపబడిన ఒక ప్రయోగము ఈ విషయమును చక్కగా చూపినది. తమకు ముందే అభిప్రాయమున్న విషయముపై సాక్ష్యమును పరిశీలించుమని కొందరికి ఇచ్చిరి. న్యాయమూర్తివలె పక్షపాతము లేక చూడుడని ఒక గుంపునకు చెప్పిరి, ప్రయోజనము కలుగలేదు. ఈ సాక్ష్యమే ఎదుటి ఫలితమును చూపియున్నచో దానిని మీరు ఇట్లే మెచ్చుకొనెడివారా అని ఆలోచింపుడని వేరొక గుంపునకు చెప్పిరి, పక్షపాతము తగ్గినది. మంచి సంకల్పము దోషమును పోగొట్టలేదు. ఎదుటి పక్షమున నిలిచి చూచుట పోగొట్టినది.

ఇది చదివినపుడు మాకు మా పాఠశాల దినములు గుర్తునకు వచ్చినవి. మీమాంసకులు ఏ విచారణనైనను అధికరణ రూపమున నడుపుదురు. దానికి ఐదు అంగములు. మొదట విషయము, పిదప సంశయము, పిదప పూర్వపక్షము, ఆ తరువాత సిద్ధాంతము. ఐదవదానిని కొందరు సంగతి అందురు, కొందరు ప్రయోజనమందురు. పూర్వపక్షము లేక సిద్ధాంతమునకు ప్రవేశమే లేదు. మా గురువుగారు సిద్ధాంతము అప్పజెప్పినవానిని మెచ్చుకొనెడివారు కారు. "పూర్వపక్షము చెప్పు నాయనా" అనెడివారు. దానిని బలహీనముగా చెప్పినచో, "ఎదుటివాడు ఇక్కడ కూర్చుండి యున్నచో ఇది నా మాటయే అని ఒప్పుకొనునా?" అని అడిగెడివారు. అతడు ఒప్పుకొనునంత బలముగా చెప్పిన తరువాతనే ఖండనమునకు అనుమతి.

న్యాయశాస్త్రము పదునారు పదార్థములను చెప్పినది. అందు మూడవది సంశయము; తొమ్మిదవది నిర్ణయము. నడుమ ప్రయోజనము, దృష్టాంతము, సిద్ధాంతము, అవయవములు, తర్కము అను ఐదు మెట్లున్నవి. మనము మూడవ మెట్టుపై కాలు పెట్టకయే తొమ్మిదవదానిపైకి దూకుచున్నాము. సంశయమును అవమానముగా భావించుచున్నాము. సంశయములోనే మునిగిపోయినవాడు చెడును, నిజమే. కాని సంశయము లేకయే నిర్ణయము చేసినవాడు ఇతరులను కూడ చెరచును.

చిరకారి అడవి దారి చూచుచు చేసినది ఈ అధికరణమే. విషయము, తండ్రి ఆజ్ఞ. సంశయము, పాలింపవలెనా వలదా? ఒక పక్షమున తండ్రి, ఒక పక్షమున తల్లి. ఇద్దరి వాదమును తానొక్కడే పూర్తిబలముతో చెప్పినాడు. అందుచేతనే అతని ఆలస్యము సోమరితనము కాలేదు.

ఎప్పుడు ఆగవలెను? ఎప్పుడు కదలవలెను?

దీనికి ఒక కొలత చెప్పి ముగింతుము. ఈ పని తప్పని తేలినచో వెనుకకు తీసికొనగలమా అని మొదట అడుగుడు. తల్లి ప్రాణము మరల రాదు. నలుగురిలో అన్న నింద, తెంచుకొన్న పెండ్లి, సంతకము చేసి యిచ్చిన ఇల్లు సులభముగా మరలిరావు. ఇట్టివాటియందు చిరకారులు కండు. ముఖ్యముగా కోపములో ఉన్నపుడు ఒక రాత్రి గడువనిండు. ఆ రాత్రి ఎదుటివారి పక్షమును వారే మెచ్చునట్లు ఒకమారు చెప్పుకొనుడు.

ఈ ఆలస్యమువలన పోవునది మరల వచ్చునా అని పిదప అడుగుడు. చెరువు ఎండుచున్నపుడు ఆగుట విచారణ కాదు, దీర్ఘసూత్రము. గుండెనొప్పి వచ్చినవానిని వర్జ్యము పోవువరకు ఇంట ఉంచరాదు. ఆసుపత్రికి చేర్చు క్షణమే అతనికి శుభముహూర్తము. పంచాంగము చూచువారము మేమే ఈ మాట చెప్పుచున్నాము, నిస్సందేహముగా పాటింపుడు. ఇక ఏ చీర కొనవలెను, ఏ బస్సు ఎక్కవలెను అను చిన్న పనులు తప్పినను దిద్దుకొనదగినవే. వాటిపై గంటలు గడపి బుద్ధిని అలయజేయకుడు.

సంధ్యవార్చునపుడు మనము ప్రార్థించునది ధనమును కాదు. మా బుద్ధులను ప్రేరేపింపుమని సవితృదేవుని వేడుచున్నాము. ప్రేరణ ఆయనది, ఆ వెలుగులో ఆగి చూచుట మనది. నేడు ఇంటికి వెళ్లిన పిదప, మీ మనస్సులో ఎవరిపైననో ముందే వ్రాసి పెట్టుకొన్న తీర్పు ఏదైన ఉన్నచో, దానికి పూర్వపక్షము ఒక్కటి వ్రాసి చూడుడు. ఆ తీర్పు నిలిచినచో నిలుచును. నిలువకున్నచో ఒక మనిషి మీకు తిరిగి దక్కును.

స్వస్తి.